కళ్లజోడులో కనబడిన చెయ్యి

టైలరు తాత చూపు చప్పుడు చేయకుండా జారుకుంది. ముందు సాయంత్రాలు పోయాయి. తర్వాత పక్కచూపు పోయింది. చివరికి సూది బెజ్జమంత మిగిలి, అదీ మూసుకుపోయింది. ఆయన మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. బల్బు మందగించిందనేవాడు, దారం మంచిది కాదనేవాడు. ఒకసారి ఒక కాలు నలుపు, ఒక కాలు ముదురు నీలంతో ప్యాంటు కుట్టి, పైపెచ్చు ఇప్పుడిదే ఫ్యాషనని కుట్టించుకున్నాయనకే నచ్చజెప్పబోయాడు.

ఈ జబ్బు రక్తంలో వస్తుందని డాక్టరు చెప్పిన రోజున తాతకు తన కళ్ల బెంగ పోయి, కూతురి కళ్ల బెంగ పట్టుకుంది. దుకాణంలో మిషను మీద ఇప్పుడు ఆమే కూర్చుంటోంది. పరీక్ష చేయించుకోమంటే ఏదో వంక చెప్పి తప్పించుకునేది.

“సాయంత్రం పూట బాగా కనబడుతోందా అమ్మా?”

“నాకేం నాన్నా, గద్ద చూపు! నువ్వు గుండీలు కుట్టడం మానేసి కునుకు తీయడం కూడా కనబడుతోంది.”

ఆ మాట నమ్మాలని ఎంత ఉన్నా, ఆయనకు మనసు కుదుటపడేది కాదు. ఒక్కసారి తన కళ్లతో చూసుకుంటే చాలనుకునేవాడు.

అందుకే కంటి ఆసుపత్రిలో కొత్త వైద్యం ప్రయత్నిస్తున్నారనగానే అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నాడు. కంట్లో మందు ఎక్కించారు. కొన్ని నెలలాగి బరువైన కళ్లజోడు పెట్టారు. దాని నడుమ ఉన్న కెమెరా ఎదురుగా ఉన్నదాన్ని పట్టి, గట్టి వెలుతురుగా మార్చి కంట్లోకి కొడుతుంది. మునుపటి చూపు రాదు, రంగులు రావు. అంచులు మాత్రం మెరుస్తాయి, తల తిప్పుతూ వెతుక్కోవాలి.

దుకాణంలో కూతురు నల్ల బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి కొలుస్తోంది. తాత ఎదురుగా కూర్చుని, కోడి గింజలు ఏరుతున్నట్టు తల ఆడిస్తూ చూస్తున్నాడు.

“నాన్నా, అచ్చం వెల్డింగు పనివాడిలా ఉన్నావు.”

“నువ్వు గీతల బొమ్మలా ఉన్నావు. ముక్కెక్కడ పెట్టావే?”

ఆమె పకపకా నవ్వి, కత్తెర పక్కన పెట్టి సుద్దతో గీత గీసింది. మళ్లీ కత్తెర కావాలి. అది ఆమె మోచేతి దగ్గరే ఉంది. మెరుస్తున్న ఆ చెయ్యి వెల్లకిలా తిరిగి, బల్ల అంచు వెంట మెల్లగా జరిగింది. వేళ్ల వెనకవైపు కత్తెరకు తగిలాకే బోర్లపడి దాన్ని పట్టుకుంది.

తాత నవ్వు ఆగిపోయింది. చూపున్న టైలరు ఎవరూ కత్తెరను అలా తీయరు. అరచేత్తో తడిమితే గుండుసూదులు లోతుగా దిగుతాయని, చూపు పోతున్న రోజుల్లో ఎవరి కంటా పడకుండా ఆయన చేసుకున్న అలవాటది. కూతురికి ఆయన నేర్పలేదు. ఆమెకూ సూదులే నేర్పాయి.

“ఎప్పటినుంచే?”

“ఏది?”

“అలా తడమడం.”

ఆమె కత్తెర మళ్లీ బల్ల మీద పెట్టేసింది. “చాలా రోజులైంది నాన్నా. తెలిస్తే నీవల్లే అనుకుంటావని...”

“నావల్లే కదే.”

ఆయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె ముక్కు ఎగబీల్చడం వినబడుతోంది.

“రేపు డాక్టరు దగ్గరికి నేనూ వస్తా. ఇంక వంకలు చెప్పకు.”

“నువ్వా? నిన్నెవరు తీసుకెళ్తారు?”

“ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో దారిలో చూసుకుందాంలే.”

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. తాత బల్ల మీదకు వంగి, ఆమె చెయ్యి తిరిగే చోటంతా తడుముతూ, గుచ్చుకుంటున్నా సరే, గుండుసూదులను ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయసాగాడు.