దిగుడులో న్యూట్రల్

2022, తొలకరి రోజులు. గిద్దలూరులో రాచర్ల రోడ్డు మీద నాకు టూవీలర్ మెకానిక్ దుకాణం ఉంది. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా అదే పని. మోపెడ్లు, ఆటోలు, చివరికి బోరు మోటార్లు కూడా విప్పి బిగించాను గాని, ఏటీవీ అనే బండిని ఫోన్లో తప్ప ఎప్పుడూ చూడలేదు. మోటార్ సైకిల్ హ్యాండిల్, నాలుగు లావు టైర్లు, గుర్రమెక్కినట్టు చెరోవైపు కాళ్ళేసి కూర్చునే సీటు. రాళ్ళలో, బురదలో పోవడానికే చేసిన బండి.

పట్నంలోని ఒక సేవాసంస్థ వాళ్ళు ఆ బండిని నల్లమల లోపలి ఒక చెంచుగూడేనికి ఇచ్చారు. గూడెం నుంచి తారురోడ్డుకు తొమ్మిది కిలోమీటర్లు. అంబులెన్సు మాట అటుంచండి, ఆటో కూడా పోదు. జబ్బు చేసిన మనిషిని నలుగురు కలిసి డోలీలో మోసుకురావాల్సిందే. అందుకని బండి వెనక స్ట్రెచర్ పట్టే చిన్న ట్రాలీ కూడా తగిలించారు. సంస్థ తరఫున మా వైపు పనులు చూసే సునీత మేడం నా దుకాణానికి వచ్చి, బండి బాగోగులు చూడటం, డ్రైవరుకు నేర్పడం రెండూ నాకే అప్పగించింది. పెద్ద బండి మన చేతికి వచ్చిందని నేను కొంచెం పొంగిపోయిన మాట నిజం.

ఆ బండిలో గేర్లు మార్చే పద్ధతి వేరు. దాన్ని ఎలక్ట్రిక్ షిఫ్ట్ అంటారు. క్లచ్ లివరు లేదు, కాలితో తొక్కే గేరు రాడ్డు లేదు. ఎడమ చేతి బొటనవేలి దగ్గర రెండు మీటలుంటాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. నొక్కితే లోపలి చిన్న మోటారు గేరు మారుస్తుంది, ఏ గేరులో ఉన్నామో మీటరులో అంకె పడుతుంది. సులువే, కాని క్రమం తప్పకూడదు. ముందు యాక్సిలరేటర్ పూర్తిగా వదలాలి, తర్వాత మీట ఒక్కసారి నొక్కాలి, అంకె మారిందని కళ్ళతో చూడాలి, అప్పుడు మళ్ళీ యాక్సిలరేటర్ ఇవ్వాలి. బండి ఆగినప్పుడు ఒకటో గేరుకు మనమే దించుకోవాలి, దానంతట అది దిగదు. రివర్సు వేయాలంటే బండి కదలకుండా నిలబడి ఉండాలి.

గూడెంలో డ్రైవరుగా అంకన్నను ఎంచుకున్నారు. ముప్పై ఏళ్ళుంటాయి. తేనె తీస్తాడు, అడవిలో కరక్కాయలు, కుంకుళ్ళు ఏరి అమ్ముతాడు. మోటార్ సైకిల్ నడపడం వచ్చినవాడు ఆ గూడెంలో అతనొక్కడే. చాలా ఏళ్ళుగా నాకు తెలిసినవాడు. కాలేజీ గ్రౌండులో రెండు పొద్దులు నేర్పాను.

"క్లచ్చు లేదు, కాలికి పన్లేదు. ఇదేం బండన్నా, ఆడపిల్లలు ఆడుకునే బొమ్మ మాదిరి ఉంది" అన్నాడు మొదటిరోజు.

"బొమ్మ కాదురా, నీ బొటనవేలికి బుద్ధుండాల. లేకపోతే గేరుబాక్సు నా దుకాణానికి మూటగట్టుకొని వస్తావు" అన్నాను.

రెండో రోజుకు ఒక్క గేరు కూడా తప్పు పడకుండా తిప్పాడు. బాగా నేర్చుకున్నాడని నేను సంతకం పెట్టి పంపించేశాను. మూడు నెలలు బండి చక్కగా నడిచింది. జ్వరాలు, పాము కాట్లు, రెండు కాన్పులు. అందరినీ తారురోడ్డు దాకా క్షేమంగా దించాడు.

దసరాకు ముందు ఒకరోజు పొద్దున్నే సునీత మేడం ఫోన్ చేసింది. ముందురోజు గూడెం దారిలోని వాగు దిగుడులో బండి అదుపు తప్పి బండరాయికి కొట్టుకుంది. ట్రాలీ పక్కకు పడిపోయింది. అందులో జ్వరంతో పడుకున్న బయ్యమ్మ అనే ముసలమ్మకు తుంటి ఎముక విరిగింది. ఆమె అంకన్నకు మేనత్త, తల్లి చనిపోతే పెంచింది కూడా ఆమే. అంకన్నకు మణికట్టు విరిగింది.

"మీరు పోయి బండి చూడండి. బండి లోపమా, మనిషి తప్పా, రాసివ్వాలి. మనిషి తప్పయితే బండి వెనక్కి తెప్పించి వేరే చోటికి ఇస్తామంటున్నారు పైవాళ్ళు" అంది మేడం. గూడెం మళ్ళీ డోలీకి పోవాలా అన్నది నేను రాసే కాగితం మీద ఉంది.

పోయి చూశాను. బ్యాటరీ బాగానే ఉంది. చక్రాలు నేలకు తగలకుండా బండిని ఎత్తి పెట్టి మీటలు నొక్కితే అన్ని గేర్లూ పడ్డాయి. షిఫ్ట్ మోటారుకు ఏమీ కాలేదు. బ్రేకు డిస్కులు మాత్రం కాలి నీలంగా మారాయి. నేను తాళం తిప్పగానే మీటరులో మొదట కనిపించింది ఎన్ అనే అక్షరం. అంటే న్యూట్రల్. బండి పడ్డాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. విషయం అర్థమైపోయింది. గేరులో ఉంటే దిగుడులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. వెనక ట్రాలీ బరువు ముందుకు తోస్తుంటే బ్రేకులు వేడెక్కి చేతులెత్తేశాయి.

చేతికి కట్టుతో అంకన్న అక్కడే నిలబడి ఉన్నాడు. నాకు కోపం ఆగలేదు.

"ఏందిరా ఇది? దిగుడులో న్యూట్రల్ వేస్తారా ఎవురైనా? ట్రాలీలో మనిషుందని తెలీదా నీకు?"

"బండి ఉరుకుతాంటే మళ్ళా గేరెయ్యాలని నొక్కినానన్నా. ఎన్నిసార్లు నొక్కినా పడలే" అన్నాడు. భయంతో యాక్సిలరేటర్ గట్టిగా పట్టుకునే నొక్కి ఉంటాడు. వదలందే అది ఎట్లా పడుతుంది?

అప్పటికే అక్కడికి వచ్చి ఉన్న మేడం మెల్లగా అడిగింది, "న్యూట్రల్ వేయమని నీకెవరు చెప్పారు అంకన్నా?"

అతను నా వైపు చూడలేదు. "ఎవురూ చెప్పలే మేడం. నా బుద్ధే అట్ల పోయింది" అన్నాడు.

డ్రైవరు తప్పిదం అని అక్కడే కాగితం మీద రాశాను. సంతకం ఇంటికి పోయి పెడదామని జేబులో పెట్టుకుని నా మోటార్ సైకిల్ మీద బయలుదేరాను. అడవి దారి దాటి ఘాట్ రోడ్డు ఎక్కాను. గిద్దలూరు వైపు దిగుడు మొదలైంది. ఇంజను శబ్దం ఒక్కసారిగా తగ్గింది. చూసుకుంటే న్యూట్రల్. నేను వేయాలని వేసింది కాదు, నా కాలే వేసేసింది. మా వైపు బండి నడిపేవాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది. దిగుడు కనపడితే న్యూట్రల్, పెట్రోలు మిగులుతుందని.

అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట అంకన్న పాత మోటార్ సైకిల్ కొనుక్కుంటే నేర్పింది నేనే. ఇదే ఘాట్‌లో వెనక కూర్చుని, "దిగుడొచ్చిందంటే న్యూట్రల్ కొట్టు. ఊరికే ఇంజన్ని ఏడిపించొద్దు" అని వాడి వీపు మీద చరిచింది నేనే. బండి రోడ్డు పక్కన ఆపాను. సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళ అనుభవమని గొప్పలు చెప్పుకునే నేను, కొండల్లో తిరిగే బండిని చదును గ్రౌండులో నేర్పి పంపాను. దిగుడు గురించి ఒక్క మాట చెప్పలేదు. చెప్పిన ఆ పాత మాటను వెనక్కి తీసుకోలేదు.

వెనక్కి తిప్పుకుని గూడేనికి పోయాను. అంకన్న గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు.

"నేనే కదరా నీకు చెప్పింది. మేడం అడిగితే నా పేరెందుకు చెప్పలేదు?"

"నువ్వు నేర్పిన బండితోనే ఇన్నేండ్లు బతికినా. పడిన నాడు దాన్ని నీ మీదికి తోస్తానా అన్నా?" అన్నాడు. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో సర్దుకుని, "అయినా నడిపింది నేనే గదా" అన్నాడు.

ఆ కాగితం చించేసి ఇంకొకటి రాశాను. బండిలో లోపం లేదు, నేర్పినవాడిలో ఉంది, డ్రైవరు నేను చెప్పిందే చేశాడు, సరిగ్గా నేర్పితే ఈ బండి ఆ దారిలో నడుస్తుంది అని. మర్నాడు తీసుకుపోయి ఇస్తే మేడం చదివి తలెత్తి, "ఇది పంపితే ఇక మా సంస్థ పనులు మీకు ఇవ్వరు" అంది.

"ఇవ్వకపోనీ మేడం. బండిని మాత్రం తీసుకుపోనీయొద్దు" అన్నాను.

ఆమె చెప్పినట్టే ఆ పనులు నాకు రాలేదు. కాని బండి గూడెంలోనే ఉండిపోయింది. పట్నం నుంచి ఒక ట్రైనర్‌ను పంపారు. అంకన్న మణికట్టు అతుక్కున్నాక ఆ వాగు దిగుడు దగ్గరే పాఠం పెట్టారు. నేనూ వస్తానని అడిగి పోయాను. నా సగం వయసు కూడా లేని కుర్రాడు చెబుతుంటే చేతులు కట్టుకుని విన్నాను. దిగుడు మొదలు కాకముందే బండి పూర్తిగా ఆపాలి. ఒకటో గేరుకు దించాలి. అంకె చూడాలి. అప్పుడు బ్రేకు మెల్లగా వదలాలి. నేల చదునుగా వచ్చేదాకా బొటనవేలు మీట మీదికి పోకూడదు.

అంకన్న దిగుతుంటే ఇంజను పెద్దగా అరిచింది. సగం దారిలో బ్రేకు పట్టి ఆపి, "సార్, బండి ఏడుస్తాంది గదా?" అని అడిగాడు.

"అరవనీ. అరుస్తోందంటే నిన్ను పట్టుకుని ఉందని అర్థం" అన్నాడు ట్రైనర్. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

బయ్యమ్మకు ఒంగోలులో ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చింది గాని మళ్ళీ అడవికి పోయే నడక రాలేదు. కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తుంది, అంతే. నేను పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. తప్పు నాదే అవ్వా అన్నాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాకేం తెల్సు నాయనా ఇంజన్ల సంగతి" అంది. "జరంతో కండ్లు మూసుకొని పండుకొన్యా. బండి సప్పుడు ఆగిపాయె. హమ్మయ్య, రోడ్డు వచ్చినాదిలే అనుకొన్యా."

ఇప్పుడు బండి నేర్చుకుంటానని ఎవరు వచ్చినా నేను గ్రౌండుకు తీసుకుపోను. ముందు ఘాట్‌కే తీసుకుపోతాను. పెట్రోలు దండగ గదన్నా అని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళతో వాదించను. వెనక కూర్చుని, కిందికి దిగేదాకా ఇంజను శబ్దం వింటూ ఉంటాను.