వదిన అడిగిన ఫైనల్

మా వదిన ఐలాకి మంచు మీదున్న శ్రద్ధ మొగుడి మీద లేదని మా అన్నయ్య బతికున్నన్నాళ్ళూ గొణిగేవాడు. అబద్ధమేం కాదు. మా పైన్ హార్బర్ కాలేజీ ఐస్ హాకీ స్టేడియంలో ముప్ఫై ఒక్కేళ్ళుగా మంచు పరిచేది ఆవిడే. ఆట విరామంలో బండెక్కి, స్కేట్ల గీతలు పడ్డ మంచు మీద వేడినీళ్ళు పోసుకుంటూ నున్నగా చేసి దిగుతుంది. చన్నీళ్ళు పోస్తే మంచు గుల్లబారుతుందట. ఈ మే నెలలో రిటైరవుతోంది. మిగిలిన కోరిక ఒక్కటే: ఒక్కసారైనా లీగ్ ఫైనల్‌కి తన చేత్తో మంచు పరచాలి.

కుదిరేదెలా? ఫైనల్ ఏటా సిటీలోని పెద్ద స్టేడియంలోనే పెడతారు. అక్కడికి జనం వెళ్ళడం మానేశారని, చోటు మార్చే ఆలోచనతో లీగ్ నుంచి హోల్గర్ అనే పెద్దమనిషి ఈ చలికాలం మా ఊరొచ్చాడు. మంచు గట్టిగా కనబడాలని వదిన పొద్దున్నే గ్యాలరీ హీటర్లన్నీ కట్టేసింది. ఆయన చేతిలో కాఫీ రెండు గుక్కలకే చల్లారిపోయింది.

"ఇంత చలిలో జనం ఎలా కూర్చుంటారమ్మా?"

"కూర్చోడమెక్కడిది సార్? నిలబడి అరుస్తారు. ఇంక చలెక్కడ?"

"సిటీలో పదహారు వేల సీట్లున్నాయి మరి."

"ఉంటే? పోయినేడు టీవీలో చూశాగా, కుర్చీలే ఆట చూస్తున్నాయి. పట్టికలో ఏ జట్టు పైనుంటే ఫైనల్ ఆ ఊళ్ళో పెట్టండి. అదీ న్యాయం."

నేను మోచేత్తో పొడిచాను. "మన ఊళ్ళో పెట్టమని అడుగు వదినా!"

"నోర్మూసుకోరా ఆర్వో. పైనున్నది మనమేగా!"

అప్పటికి నిజమే, మాకు మూడు పాయింట్ల ఆధిక్యం. లీగ్ కూడా ఆవిడ మాటే ఖాయం చేసింది. తీరా చూస్తే మావాళ్ళు ఆఖరి రెండాటలూ ఓడి చచ్చారు. ఒక్క పాయింటు తేడాతో నార్త్ ఫోర్క్ పైకెక్కింది. మాకూ ఆ ఊరికీ తాతల నాటి నుంచీ పడదు. ఫైనల్ పోయిపోయి అక్కడికే పోయింది.

"నీ న్యాయం మన కొంప ముంచిందమ్మా," అన్నాడు బేకరీ టోయ్వో ముఖమ్మీదే.

"ముంచితే ముంచింది. న్యాయం న్యాయమే," అని వదిన బన్ను కొనుక్కుని వచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, టోయ్వో మీద కాదు, ఈవిడ మీదే.

ఫైనల్ మావాళ్ళకీ నార్త్ ఫోర్క్‌కీ. వదినా నేనూ వెళ్ళాం. స్టేడియం కిటకిటలాడిపోయింది. విరామంలో జనమంతా సాసేజ్‌ల కోసం పరిగెత్తారు. వదిన మాత్రం కదల్లేదు. ఎవరో టోపీ పెట్టుకున్నాయన మంచు బండెక్కి మొదలుపెట్టాడు. ఆయన వేసే ప్రతి చుట్టూ కళ్ళప్పగించి చూసింది.

"ఎక్కడైనా తప్పు చేశాడా?" ఆశగా అడిగాను.

"లేదురా. దిక్కుమాలినోడు, ఎంత బాగా వేశాడో చూడు," అంటూ లేచి చప్పట్లు కొట్టింది. ఖాళీ గ్యాలరీలో ఆ చప్పట్లే వినబడ్డాయి. ఆయన తలెత్తి, ఎవరో తెలియకపోయినా, టోపీ తీసి ఊపాడు. వదిన ఏడుస్తూనే కొడుతోంది. నేనూ లేచి కొట్టాను.