బాలింతల కట్టెలు

మా పెద్దమ్మ పోయింది. పుష్యమాసం చలి విరగకముందే, ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు ప్రాణం విడిచింది. ఖానాపూర్ దగ్గరి వాళ్ల ఊళ్లో కబురు తెలిసిన కాసేపటికే ఆడవాళ్లు రావడం మొదలైంది. చుట్టాలకంటే ముందు వాళ్లే వచ్చారు. "నా పెద్దపోరడు పుట్టినప్పుడు ఉడుకునీళ్లు కాగింది ఈమె కట్టెలతోనే" అని ఒకామె, "నా పొల్ల ముసుర్ల పుట్టింది, ఈమె లేకుంటె ఏమైతుండెనో" అని ఇంకొకామె ఏడ్చారు. ఆ పిల్లల్లో కొందరికి మీసాలు కూడా వచ్చాయి. తల్లుల వెనక నిలబడి, ఏం చేయాలో తెలియక పెద్దమ్మ ముఖం వైపు చూస్తున్నారు.

కట్టెలిచ్చిన మనిషి గురించి రాయడానికేముంది అని మీరు అనుకోవచ్చు. ఆదిలాబాదు చలి ఎరిగిన వాళ్లు అట్లా అనుకోరు. ఇగం పెట్టి ఒళ్లు కొయ్యబారే రోజుల్లో కప్పుకున్న దుప్పటి కూడా తడిసినట్టు ఉంటుంది. అందుకే మా వైపు బాలింత మంచం కింద కుంపటి పెడతారు. పొయ్యిలోంచి పొగ పోయిన నిప్పులు తీసి కుంపట్లో పోసి, పైన బూడిద చల్లి, మంచం కిందికి తోస్తారు. నులక సందుల్లోంచి వెచ్చదనం తల్లికీ పిల్లకూ తగులుతుంది. ఆ నిప్పులు రావాలంటే కట్టె బాగా ఎండి ఉండాలి. పచ్చికట్టె పొగపెడుతుంది గానీ నిప్పు కాదు.

పెద్దమ్మ తొలి కాన్పు పుట్టింట్లో, మా అమ్మమ్మ దగ్గర, ముసురు పట్టిన రోజుల్లో అయింది. అడవి నుంచి తెచ్చి పెట్టుకున్న కట్టెలన్నీ వానకు నానిపోయాయి. పొయ్యి ఊది ఊది అమ్మమ్మ కళ్లు వాచిపోయాయే తప్ప కుంపట్లోకి నిప్పులు రాలేదట. ఆడపిల్ల. పేరు పెట్టకముందే చల్లబడి పోయింది. మా వైపు అమ్మను అవ్వ అంటాం. ఇది మా అవ్వ చెబితే తెలిసింది నాకు. పెద్దమ్మ నోట ఒక్కసారే విన్నాను, అదీ ఎవరో బిడ్డకు ఏం రోగమని అడిగితే. "రోగం లేదు నొప్పి లేదు. కట్టెల్లేక పోయింది" అని, చేతిలో ఉన్న చాటతో బియ్యం చెరుగుతూనే ఉంది.

తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. వాళ్లు బడికి పోయే వయసులో, నర్సరీలో సుబాబుల్ గింజలు ఇస్తున్నారని విని, ఇంటి వెనక చెలకలో ఒక చెక్క భూమి తనకు కావాలని మొండికేసింది. పెద్దమ్మ భర్త, మా పెద్దబాపు, ముందు నవ్వాడు, ఆనక కోపానికి వచ్చాడు.

"అడవి పక్కన వెట్టుకొని కట్టెలు పండిస్తరా ఎవలన్న? గాడ మక్కలెయ్యాలె."

"మక్కలు కొనుక్కోవచ్చు. ముసుర్ల ఎండుకట్టె ఎవడమ్ముతడు?"

ఆఖరికి ఆయన చెక్క ఇచ్చాడు గానీ ఎగతాళి మానలేదు. సుబాబుల్ గింజ పెంకు గట్టిది. వేడినీళ్లు పోసి నానబెడితే గానీ మొలకెత్తదు. పెద్దమ్మ కాగు దించి గింజల మీద నీళ్లు పోస్తుంటే ఆయన గడప మీద కూర్చుని, "గింజలకు గూడ బాలింత తానమేనా?" అన్నాడు.

"అవు, బాలింత తానమే. నీకు గూడ పొయ్యాల్నా? పక్కకు జరుగు" అంది.

చెట్లు చూస్తుండగానే ఎదిగాయి. ఆమె వాటిని మొదలంటా నరకనివ్వదు. మోకాలెత్తున కొట్టించి వదిలేస్తే వానలకు మళ్లీ చిగుళ్లు వేసేవి. ఒక ఏడు ఒక వరుస, మరో ఏడు ఇంకో వరుస. ఆకు మేకలకు వేసేది. ఒకసారి దయ తలచి పక్కింటి వాళ్ల గాడిదకూ రోజూ మోపులు మోపులు వేసింది. కొన్నాళ్లకు దాని తోక వెంట్రుకలు రాలిపోయి ఊరంతా నవ్వుకున్నారు. మేక అరిగించుకున్న ఆకు గాడిదకు పడదని ఎవరికి తెలుసు? గాడిద యజమానిని ఊరుకోబెట్టడానికి కొంతకాలం ఆ ఇంటికి చల్ల పోసింది పాపం.

కొట్టిన కట్టెను కొట్టంలో నిలబెట్టి ఆరబెట్టేది. రెండు ముక్కలు ఒకదానికొకటి తాకించి, చెవి ఒగ్గి వినేది. ఖంగుమంటే ఎండినట్టు. ఇంటి పొయ్యిలోకి మాత్రం ఆ కట్టె ఒక్కటీ రాదు. అక్కడ కందికట్టె, పత్తికట్టె మండాల్సిందే. "గవి బాలింతలయి, ముట్టద్దు" అనేది. పండుగనాడు గారెలు వండినా అదే మాట. కోడళ్లు సణిగేవాళ్లు. నేనే కోడలినైతే నేనూ సణిగేదాన్ని.

నా కాన్పు కరీంనగర్ దవాఖానాలో అయింది. నన్ను మా అవ్వ ఇంటికి తెచ్చిన మరునాడే పెద్దమ్మ బస్సు దిగింది. బస్సు టాపు మీద కట్టెల మోపు. కండక్టరుతో ఇంకా లడాయి నడుస్తూనే ఉంది.

"కరీంనగర్ల కట్టెలు దొరకయా అవ్వా?"

"దొరుకుతయి. ఎండినయో పచ్చియో నువ్వు జూసి చెప్తవా?"

ఆ చలికాలమంతా ఆమె నా మంచం పక్కనే కింద పడుకుంది. కుంపట్లో బూడిద పలచబడ్డప్పుడల్లా లేచి చల్లేది. నా కొడుకు పుట్టెంట్రుకలకు కొండగట్టు పోయినప్పుడు వాడు ఎత్తుకోలేనంత బరువున్నాడని మురిసిపోయింది.

కాలం మారింది. ఊళ్లోకి గ్యాసు వచ్చింది. కాన్పులు నిర్మల్ దవాఖానాకు మారాయి. పెద్దబాపు పోయాక కొడుకులు ఆ చెక్కలో పత్తి వేద్దామన్నారు. "గ్యాసొచ్చింది గదనే, ఇంకా కట్టెలెందుకు?" అని పెద్దోడు అంటే, "గ్యాసు మంచం కింద వెడ్తవారా?" అంది. చెట్లు మిగిలాయి. అడిగి పట్టుకుపోయే వాళ్లే ఏటేటా తగ్గారు. పోయినసారి నేను వెళ్లేసరికి కొట్టం నిండుగా ఉంది. ఇక ఇవి ఎవరికీ అక్కరలేదా అన్నట్టు ఆమె ఆ కట్టెల వైపు చూసిన చూపు నాకు బాగా అనిపించలేదు.

ఈ చలికి జ్వరం తగిలి మంచం పట్టిందని తెలిసి బయల్దేరి పోయాను. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకుతోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కుంపటి పెడతానన్నాను.

"అద్దు బిడ్డా. గవి ముట్టకు. నేనేమన్న బాలింతనా?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఊరందరికి ఇచ్చినవు గదా పెద్దమ్మా, నీకు నాలుగు నిప్పులు తక్కువైనయా?" అన్నాను. ఆమె గోడవైపు తిరిగింది. కందికట్టె నిప్పులతో కుంపటి పెట్టి చూశాను గానీ, అవి ఇట్టే బూడిదైపోయాయి.

మరునాడు పొద్దున ఆమెకు మగతగా ఉంది. పిలిస్తే పలకడం లేదు. ఇక అడగలేదు నేను. కొట్టంలోంచి కట్టెలు తెచ్చి పొయ్యి అంటించాను. పొగ లేకుండా మండాయి. నిప్పులు తీసి కుంపట్లో పోసి, ఆమె నేర్పినట్టే బూడిద చల్లి, మంచం కిందికి తోశాను. పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి వణుకు తగ్గింది. ముఖం తేటబడింది. కళ్లు తెరవకుండానే, "అవ్వా, నిప్పులొచ్చినయా?" అంది.

నన్ను అమ్మమ్మ అనుకుంటోందని అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "వచ్చినయి బిడ్డా, మస్తు వచ్చినయి" అన్నాను.

ఆమె మెల్లగా మంచం అంచుకు జరిగింది. తన మీది దుప్పటి లాగి పక్కనున్న ఖాళీ చోటు మీద కప్పి, దాని మీద చెయ్యి వేసి జోకొట్టడం మొదలుపెట్టింది.