లంగరుకు చాలని తాడు

పోయిన ఆదివారం జర్మనీలో బోడెన్‌సే సరస్సు రేవులో, మా అమ్మాయి తన తెరచాప పడవ కట్టు విప్పుతూ, లైఫ్ జాకెట్ బిగుతుగా ఉందని గునుస్తున్న ఆరేళ్ల కొడుక్కి ఒక కథ చెప్పింది. తనకూ అంతే వయసున్నప్పుడు తన అమ్మమ్మ అన్నం తినే వేళ తనకు జాకెట్ విప్పేసిందనీ, ఆ తర్వాత తను నీళ్లలో పడిందనీ, అందుకే ఒడ్డు చేరేదాకా విప్పకూడదనీ. వాడు "యా, ఓకే" అని బకిల్ పెట్టుకున్నాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఆ కథలో ఒక మనిషిని మార్చాలని తెలిసింది ఇప్పుడు నాకొక్కడికే.

మేం బ్యోబ్లింగెన్‌కు వచ్చిన కొత్తలో, కందిపప్పు కోసం స్టుట్‌గార్ట్ దాకా రైలెక్కిన రోజుల్లో, మా అత్తగారు విజిట్ వీసా మీద మూడు నెలలు ఉండటానికి వచ్చారు. నా పక్క టేబుల్ జర్మన్ సహోద్యోగికి ఒక తెరచాప పడవ ఉండేది. అత్తగారికి సరస్సు చూపిద్దామని ఆయనే మమ్మల్నందరినీ పిలిచాడు. అత్తగారిది గోదావరి గట్టు, ఆవిడకు పడవంటే భయం లేదు. భయమంతా మా ఆవిడదే. తిరిగి ఒడ్డెక్కేదాకా ఎవరూ జాకెట్ విప్పకూడదని పులిహోర కలుపుతూనే శాసనం చేసింది. చీర మీద ఎర్ర జాకెట్ తొడుక్కున్న అత్తగారిని చూసి మేమంతా నవ్వుకున్నాం, ఆవిడా నవ్వారు.

మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు లంగరు వేసే పని నాకు పడింది. నీటి లోతుకు అయిదింతలు తాడు వదలమని ఆయన చుక్కాని దగ్గర్నుంచి స్పష్టంగానే చెప్పాడు. నేను బావిలో చేద వేసి పెరిగినవాణ్ణి. రెండు బారల దగ్గర లంగరు అడుగు తాకినట్టు చేతికి తెలిసింది, ఇంకొక బార వదిలి కట్టేశాను. అంతకుమించి వదలడం దండగనిపించి, మిగిలిన తాడును చుట్టలు చుట్టి, పని బాగా చేశానన్న సంతృప్తితో వచ్చి కూర్చున్నాను. లంగరును పట్టి ఉంచేది దాని బరువొక్కటే కాదనీ, తాడు ఏటవాలుగా లాగితేనే అది అడుగున నాటుకుంటుందనీ నాకు తర్వాత తెలిసింది.

పెరుగు డబ్బా కోసం మా ఆవిడ కింద గదిలోకి దిగింది. జాకెట్ బిగుతుకు ముద్ద దిగడం లేదని మా పాప ఏడుపు మొహం పెట్టింది. నేనే జాకెట్ విప్పాను. అత్తగారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు, నేను పట్టించుకోలేదు. ఈలోగా గాలి పెరిగి, లంగరు ఈడ్చుకుపోతూ పడవ మెల్లగా ఒడ్డు వైపు జరుగుతోంది, మేం తింటున్నాం. పాప చెయ్యి కడుక్కోవడానికి వెనక నిచ్చెన దగ్గర వంగింది. అడుగున రాయి తగిలి పడవ అదిరింది. మళ్లీ చూస్తే పాప అక్కడ లేదు.

నా సహోద్యోగి పులిహోర పళ్లెం వదిలేసి బట్టలతోనే దూకాడు. పడవ కొట్టుకొచ్చిన చోట నీళ్లు ఆయన ఛాతీదాకానే ఉన్నాయి. నేను దూకలేదు. కాళ్లు కదలలేదని ఇప్పుడు రాయగలుగుతున్నాను. పాప దగ్గుతూ పైకి వచ్చింది, ఏడ్చింది, బతికింది.

మా ఆవిడ పాపను తువ్వాల్లో చుట్టి, జాకెట్ ఎవరు విప్పారని అడిగింది. అత్తగారు ఒక్కసారి నా వైపు చూశారు. "నేనే ఇప్పానే. ముద్ద దిగటం లేదంటే జాలేసింది," అన్నారు. పడవ ముందు భాగంలో నేను చుట్టిపెట్టిన తాడును చూసిన ఆయన కూడా, చూసుకోవలసింది తానేనని, తప్పు తనదేనని నాతో మెల్లగా అన్నాడు. ఒకే పూట ఇద్దరు నా తప్పు తమ మీద వేసుకున్నారు, నేను వేసుకోనిచ్చాను.

ఆ తర్వాత మా ఆవిడ తన తల్లి దగ్గర పాపను ఒంటరిగా వదల్లేదు. సెలవులకు ఊరెళ్లినా అంతే, పాపతో పాటు తనూ కూర్చునేది. అత్తగారికి అది తెలుసు. నాకు వడ్డించేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే కొసరి కొసరి వడ్డించేవారు. నిజం మా ఆవిడకు ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను. రెండేళ్ల కిందట ఆవిడ పోయారు.

ఇప్పుడు జాకెట్లు తేలికైపోయాయి, నీళ్లు తగిలితే వాటంతటవే ఉబ్బుతాయి, పిల్లలు ఒకసారి చెబితే వింటారు. ఆ రోజుల్లో మమ్మల్ని కాపాడినవాళ్లు మనుషులు, వాళ్లకు మేం తిరిగి ఏమిచ్చామో చెప్పుకోవడం కష్టం. మా అమ్మాయికి తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు. మా ఆవిడకు వచ్చు. నేను రాసిందల్లా పత్రికకు పంపేముందు ఆవిడే చదివి తప్పులు దిద్దుతుంది. ఇదీ ఆవిడ చేతికే ఇస్తున్నాను.