బొందలో లేని బండ

నా చిన్నప్పుడు, ఒక ఎండాకాలం తెల్లవారుజామున, మా అమ్మ పోయింది. జ్వరమే కదా అనుకున్నాం. దవాఖానకు బండి కట్టేలోపే అయిపోయింది. మా అక్కను నందికొండలో ఇచ్చారు. అప్పట్లో ఫోన్లెక్కడివి, మనిషి పోయి చెప్పాల్సిందే.

మా చిన్నాయన మంచివాడే గానీ దేనికీ ఆగలేడు. ఏడుస్తూనే ఒకరిని నందికొండ బస్సెక్కించాడు, అదే ఊపులో ఇద్దరిని బొంద తవ్వడానికి పంపాడు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే తొందరగా తెములుతాయని ఆయన ఆలోచన. అది ఎంత పొరపాటో పొద్దెక్కాక తెలిసింది. తవ్విన బొందను మావాళ్లు ఖాళీగా ఉంచరు, అది ఇంకో మనిషిని అడుగుతుందని భయం. పైగా పీనుగు లేచేదాకా మా వాడలో ఎవరూ పొయ్యి వెలిగించరు, పిల్లలేమో ఆకలికి ఏడుస్తున్నారు. బొంద మధ్యాహ్నానికే తయారవుతుంది, అక్క వచ్చేసరికి పొద్దు వాలుతుంది. బొంద అయిందని కబురొస్తే ఇక ఎవరూ ఆగరు. అక్క రాకుండానే అమ్మను తీసుకుపోతారని నాకు అర్థమైంది. అమ్మ కాళ్లు పట్టుకుని వదల్లేదు.

మా చిన్నతాత, అంటే మా తాతయ్య తమ్ముడు, గొర్లు కాసేవాడు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నన్ను లేపి, "నడువు బిడ్డా" అని బొంద దగ్గరికి తీసుకుపోయాడు. తవ్వేవాళ్లు అప్పటికే నడుము లోతుకు దిగారు.

"జర ఆగుండ్రి. బండ తగిలిందని ఇంటికి కబురు పంపుండ్రి," అన్నాడు.

"బండేడున్నదే తాతా, అంత మన్నే," అన్నాడొకడు.

"పెద్దబిడ్డ రావాలె. తల్లి మొకం సూడకుంటనే మన్నేస్తమా?"

వాళ్లు బండ తగిలిందని ఇంటికి కబురు పంపారు. గట్టు మీది రాయిని లోపలికి దొర్లించుకుని, గడ్డపారతో దాన్నే కొడుతూ ఉన్నారు.

మేం తిరిగి ఇంటికొచ్చేసరికి ఆ చప్పుడు మా వాకిట్లోకి వినిపిస్తోంది. మాది రాళ్ల నేల కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దలు విసుక్కున్నారు గానీ, సగం తవ్విన బొందకు ఎవరూ భయపడరు. ఏడ్చే పిల్లలకు తాత పక్క ఊరి నుంచి అటుకులు తెప్పించాడు. నేను మాత్రం వాటిని ముట్టలేదు. ఒక్కో దెబ్బా వింటూ కూర్చున్నాను, చప్పుడు ఆగితే భయమేసేది.

పొద్దు వాలుతుండగా అక్క రోడ్డు మీది నుంచి పరుగెత్తుకొచ్చి అమ్మ మీద పడింది. ఆ ఏడుపు గురించి నేను చెప్పలేను. అమ్మ చెంపలు నిమిరింది, చెదిరిన జుట్టు సర్దింది. చీకటి పడకముందే అమ్మను సాగనంపాం.

మొన్న అక్క కూడా పోయింది. ఇప్పుడు బొంద తవ్వడానికి జేసీబీ వస్తుంది, చాయ్ తాగేలోపు తవ్వేసి పోతుంది. పని అంత సులువైనందుకే నాకు ఇంకా భయం. పెళ్లయినా చావైనా, ఏది మొదలుపెట్టాలని అందరూ చూస్తారు, ఏది ఆపాలని నేను చూస్తాను. ఆ రోజు అక్క చిన్నబిడ్డ బయల్దేరింది గానీ, దారిలో ఇంకా చిట్యాల కూడా దాటలేదు. జేసీబీ అతనికి ఫోన్ చేస్తున్న మనవడి చేతిలోంచి ఫోన్ గుంజుకుని కొంగున కట్టుకున్నాను. ముసలిదానికి మతి పోయిందన్నారు. అననీ. ఆ పిల్ల వచ్చి, తల్లి మొకం చేతుల్లోకి తీసుకుని కరువుతీరా ఏడ్చాకే కొంగు ముడి విప్పాను.