తొమ్మిది క్రోమ్ పైపు, మా తోడల్లుడు

గల్ఫ్‌లో నేను పనిచేసే రిఫైనరీకి మా తోడల్లుణ్ణి పిలిపించుకున్నది నేనే. మాది కొండగట్టు దగ్గర పల్లె, అతనిది భైంసా. ఇద్దరం నస్పూర్‌లో ఒకే బొగ్గుగని కార్మికుడి ఇంటి అల్లుళ్లం, పెద్దల్లుణ్ణి నేను. ఏళ్ల తరబడి నేను వెల్డింగ్ పొగ మింగిన చోటికి అతను డిప్లొమా పట్టుకుని వచ్చి, వచ్చీరాగానే పైపుల నాణ్యత చూసే తనిఖీ విభాగంలో చేరాడు. నేను వేసిన అతుకులకు సరేనని గుర్తు పెట్టేది అతనే. "మంచిగొచ్చిందన్నా" అనేవాడు. ఆ మెచ్చుకోలు కూడా నాకు గుచ్చుకునేది.

ఒక ఏడాది ప్లాంటు ఆపి మరమ్మతులు చేస్తుండగా, కొలిమి నుంచి వేడి నూనె మోసుకెళ్లే గొట్టం ఒకటి వంపు దగ్గర బాగా పలచబడిందని బయటపడింది. నూనెలోని గంధకం ఉక్కును లోపలి నుంచి తినేసింది. అక్కడ ఉండాల్సింది ఫైవ్ క్రోమ్ పైపు, అంటే కొంత క్రోమియం కలిపిన ఉక్కు. ఆ సైజు స్టోర్‌లో లేదు. కొత్తది ఇంకా ఓడలోనే ఉంది. మామూలు ఉక్కు వేస్తే గంధకం ఇంకా తొందరగా తినేస్తుంది. మీటింగులో అందరూ తలలు పట్టుకుంటే, స్టోర్‌లో మిగిలిన నైన్ క్రోమ్ పైపు వేద్దామన్నాడట మా తోడల్లుడు. క్రోమియం ఎక్కువ కాబట్టి గంధకానికి బాగా తట్టుకుంటుంది. ఇంజనీర్లు లెక్కలు చూసి సరేనన్నారు.

ఆ సంగతి నాకు మధ్యాహ్నం అన్నం దగ్గర తెలిసింది. నైన్ క్రోమ్ నేనెన్నిసార్లు అతికాను! ఆ ఆలోచన నాకెందుకు రాలేదు? వచ్చినా, నన్ను మీటింగుకు పిలిచేదెవరు?

అతనే నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, గీ అతుకు నువ్వే ఎయ్యాలె. వేరేటోళ్లను నమ్మ."

"పేరు నీకు, పొగ నాకా తమ్మీ?" నవ్వుతూనే అన్నాను. అతనూ నవ్వాడు.

ఆ ఉక్కు మొండిది. అతికే ముందు వేడి చెయ్యాలి, అతుకుతున్నంతసేపూ వేడి తగ్గనివ్వకూడదు, అయ్యాక కరెంటుతో వేడెక్కే పట్టీలు చుట్టి మళ్లీ కాల్చాలి. లేకపోతే పెళుసవుతుంది. చెమటలో మునిగి వేశాను. తీరా పరీక్షలో అతుకు ఉండాల్సినదానికన్నా గట్టిగా ఉందని, అంటే పెళుసుగా ఉందని తేలింది. ఈ మార్పిడే తప్పేమోనన్నాడు ఒక మేనేజరు. మా తోడల్లుడి మొహం మాడిపోయింది. లోలోపల నాకు హాయిగానే అనిపించింది. అంతలోనే అందరి చూపులూ నా అతుకు మీదికి తిరిగాయి. అతను పడిపోవాలి, నా అతుకు నిలవాలి. రెండూ ఒకేసారి కోరుకుంటూ ఆ గొట్టం పక్కన నిలబడ్డాను.

అతను పట్టీలన్నీ పరిశీలించాడు. వేడిని కొలిచే తీగ ఒకటి ఊడిపోయి ఉంది.

"ఫికర్ చెయ్యకన్నా. నీ అతుకు మంచిగనే ఉన్నది. కాల్చుడే సరిగ్గ కాలే."

మళ్లీ కాల్చారు. ఈసారి పరీక్ష నెగ్గింది; ఎక్స్‌రేలోనూ మచ్చ లేదు. ప్లాంటు నడిచింది. పెద్ద మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి దిగిన ఫొటో నస్పూర్ దాకా పోయింది. అత్త ఫోన్ చేసింది.

"చిన్నల్లుడు కంపెనీని నిలబెట్టిండట గద బిడ్డా! నువ్వు గాడ్నే ఉన్నవా?"

"గాడ్నే ఉన్న అత్తా" అన్నాను. అతుకు నాదని చెప్పబోయి మింగేశాను.

సెలవుకు ఇద్దరం కలిసే వచ్చాం. అత్తగారింట్లో భోజనాల దగ్గర మామ ఆ కథే అడిగాడు.

"నాదేమున్నది మామా? పైపు పేరు చెప్పిన, గంతే" అన్నాడు మా తోడల్లుడు. "గా ఉక్కును అతికింది అన్న చెయ్యే. వేరేటోడైతే నా నౌకరి పోతుండె."

మామ నావైపు మెచ్చుకోలుగా చూశాడు. నా భార్య మొహం వెలిగిపోయింది. నేను తల వంచుకుని కూర కలుపుతూ కూర్చున్నాను. అతని గురించి అలాంటి మాట నేను ఒక్కరి దగ్గర కూడా అనలేదు. మనసు పెద్దదనంలోనూ నన్ను దాటిపోయాడు.

తిరుగు బస్సులో నా భార్య ఆ మాటల్నే నెమరేసుకుంది. "మరిది నీ గురించి ఎంత మంచిగ చెప్పిండు!"

ఊకొట్టి, కిటికీ వైపు తిరిగాను.