అక్రమ రవాణా అంటే లారీలనుకున్నారు

బ్యానర్ మీద ఏం రాయించాలన్న దగ్గరే మాకు మొదటి గొడవ. జవహర్‌నగర్ వైపు ఇద్దరు ఆడపిల్లలు పనికని వెళ్ళి మళ్ళీ కనిపించలేదని తెలిశాక, నాచారంలో మహిళా సంఘం వాళ్ళూ, మా చర్చి స్త్రీల మైత్రి వాళ్ళమూ కలిసి బస్తీల్లో తిరిగి చెప్పాలనుకున్నాం. నేను ఇంటి ముందుగదిలో కుట్టు నేర్పుతాను. ఎప్పుడూ నలుగురు ఆడపిల్లలు నా చుట్టూ ఉంటారు కాబట్టి నన్ను ముందుకు తోశారు. ‘ఆడపిల్లల్ని అమ్ముతున్నారు, జాగ్రత్త’ అని రాయిద్దామన్నాను. సంఘం పెద్దమ్మ వెంటనే వద్దంది. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న జాగాలో ఒకప్పుడు జొన్న పండించిన ఇంటి కోడలు ఆమె. ఆమె కాదంటే పాత నాచారంలో ఎవరూ ఔననరు.

“గట్ల రాస్తే మన గల్లీకి ఒక్క సంబంధం రాదు. పిల్లలు ఇంట్లనే కూసోవాల్సొస్తది” అంది.

అందరూ ఆమె వైపే తలూపారు. చివరికి ఎవరో ఏదో ఆఫీసు కరపత్రంలోంచి ఒక మాట పట్టుకొచ్చారు: ‘మానవ అక్రమ రవాణాను అరికడదాం.’ ఆ మాటలో అమ్మడం లేదు, ఆడపిల్లా లేదు. దాంతో అందరికీ ప్రాణం హాయిగా ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అయినా ఎర్ర అక్షరాలతో అదే రాయించి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాచారం నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా నడిచాం.

దారిలో ఫ్యాక్టరీల ముందు వరసగా లారీలు ఆగి ఉన్నాయి. మా బ్యానర్ చూసి ఒక డ్రైవర్ గబగబా దిగి, నా చేతిలో ప్లాస్టిక్ కవరు పెట్టాడు. కాగితాలన్నీ ఉన్నాయట, చూసుకోమన్నాడు. పేపర్లో రోజూ చూసేది ఇసుక అక్రమ రవాణా, రేషన్ బియ్యం అక్రమ రవాణా. ఆడవాళ్ళు గుంపుగా లారీల మీదకు బయల్దేరారనుకున్నాడు పాపం. మేం పడీపడీ నవ్వాం. మీటింగుల్లోనూ అంతే. ఇసుక లారీ నంబరు ఎవరికి చెప్పాలని ఒకాయన, మా ఆటో పర్మిట్ సంగతేంటని ఇంకొకాయన. నేను లేచి ఇది మనుషుల సంగతి అని చెప్పబోతే, పెద్దమ్మ గొంతు సవరించుకునేది. నేను ఆ మాట దాటేసి, కొత్తవాళ్ళను నమ్మకండి, పోలీసులకు చెప్పండి అని ముగించేదాన్ని.

మా ప్రతి మీటింగులో ముందు వరసలో కూర్చునే మనిషి ఒకామె ఉండేది. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి, భర్త పోయాక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసుకుంటూ కూతురిని ఇంటర్ దాకా చదివించింది. కూతురు నా దగ్గర కుట్టు నేర్చుకుంది. చేతిపని అంటే విసుగు, మెషీన్ మీద మాత్రం పాదం ఆగేది కాదు. చర్చిలో అందరికంటే పై గొంతు దానిదే. నా నడకను అనుకరించి మిగతా పిల్లల్ని నవ్వించేది. నేను చూడనట్టు నటించేదాన్ని.

ఒక సాయంత్రం వాళ్ళమ్మ లడ్డూలు పట్టుకుని వచ్చింది. పిల్లకు పుణేలో పెద్ద టైలరింగ్ షాపులో పని దొరికిందట, ముందురోజే రైలెక్కించి వచ్చిందట. ఎవరు చూశారు ఆ పని అని అడిగాను. వాళ్ళ వెనక పోర్షన్లో అద్దెకున్న ఆమె. పిల్ల ఆమెను పిన్ని అని పిలిచేది. జ్వరమొస్తే జావ కాచి పెట్టిన మనిషట. షాపు పేరేంటి, అడ్రసేంటి, నువ్వు ఇన్ని మీటింగులకు వచ్చి కూడా అడగలేదేమిటి అని నిలదీశాను. ఆమె నా వైపు అయోమయంగా చూసింది.

“టికెట్ ఉన్నది గదక్కా, రిజర్వేషన్ టికెట్. అండ్ల అక్రమమేమున్నది? మీరు జెప్పేది లారీల సంగతి గద.”

తింటున్న లడ్డూ పక్కన పెట్టేశాను. ఆ క్షణాన బ్యానర్ మీద వచ్చిన కోపం, పెద్దమ్మ మీద వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఫోన్ చెయ్యమన్నాను. చేసింది, ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు పిల్లే చేసింది. అప్పుడు వాళ్ళమ్మ నా దగ్గరే ఉంది, స్పీకర్ పెట్టింది. “అమ్మా, నేను బాగున్నాను. ఇక్కడ అన్ని సౌకర్యాలు ఉన్నాయి. మీరు ఆందోళన పడవద్దు” అంది పిల్ల. అంతే, కట్టయిపోయింది. గొంతు దానిదే. క్షేమంగా ఉంది కదా, కాస్త ఊపిరి పీల్చుకుందామనుకున్నాను. తల్లి మాత్రం ఫోన్ కేసి చూస్తూ తల అడ్డంగా ఊపింది.

“నా బిడ్డ గట్ల మాట్లాడదక్కా. మంచిగున్ననే అంటది, ఫికర్ జెయ్యకే అంటది. నన్ను ఎన్నడన్నా మీరు అన్నదా? ఎవరో నేర్పిచ్చిన్రు. పక్కన ఎవరో నిలవడ్డరు.”

ఆ పూటే పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాం. అక్కడి ఆయన మర్యాదగానే మాట్లాడాడు. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఇష్టపడి వెళ్ళింది, బాగున్నానని ఫోన్ చేసింది, ఇంకేం అనుమానం ఉంది అన్నాడు. చెప్పు, మోసం చేసి తీసుకుపోయారని, అమ్మేశారేమోనని చెప్పు అని బల్ల కింద ఆమె చెయ్యి నొక్కాను. ఆమె తల వంచుకుని, బిడ్డ జాడ తెలియడం లేదు సార్ అని మాత్రం అంది. నేను కలగజేసుకుంటే, తల్లిని చెప్పనివ్వండమ్మా అన్నాడాయన. తల్లి చెప్పలేదు. ఆయన రాసుకున్నదీ అంతే.

బయటికొచ్చాక నేను కసిరాను. ఆమె మెట్ల మీద కూర్చుంది. నోటికి రావడం లేదంది. పల్లె నుంచి అన్న ఫోన్ చేసి, పిల్ల హాస్టల్లో ఉందని చెప్పుకో, ఇంకో మాట బయటికొస్తే మా పిల్లల పెళ్ళిళ్ళు కూడా ఆగిపోతాయి అన్నాడట. “ఆ మాటంటే బిడ్డ వాపసొచ్చినా యాడ బతుకుతదక్కా?” అని అడిగింది. పెద్దమ్మ చెప్పిందీ ఇదే కదా, నేను కొట్టిపారేశాను. ఈ బస్తీలో పుట్టి పెరిగిన నాకు తెలియదా, ఒకసారి అమ్ముడుపోయిందని పేరు పడితే ఆ పిల్లను ఎవరు గడప లోపలికి రానిస్తారో?

ఆమె మనసుతో ఆమె కొట్లాడుకుంటుండగానే వెనక పోర్షన్‌కు తాళం పడింది. పిన్ని సామాను ఎప్పుడు తీసిందో పక్కింటికి కూడా తెలియదు. అప్పుడు పరుగున స్టేషన్‌కు పోయి తనంతట తానే ఆ మాట అనేసింది. కేసయింది, పోలీసులు పుణే వెళ్ళారు. పిల్ల పుస్తకంలో రాసిపెట్టుకున్న షాపు అడ్రసులో మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారట. ఆ నంబరు మళ్ళీ మోగలేదు. ఆమె తిండి మానేసింది, డ్యూటీ మానలేదు. రైళ్ళు ఆగే వేళకు మౌలాలి స్టేషన్‌కు పోయి, దిగే ఆడపిల్లల మొహాలు చూసి వచ్చేది. ప్రార్థన చెయ్యమని అందరం చెప్పాం. చేసే ఉంటుంది. నాకైతే ఆ రోజుల్లో మోకాళ్ళ మీద కూర్చుంటే మాటలకు బదులు తిట్లు వచ్చేవి.

ఇప్పుడు కంపెనీ సెలవు రోజున ఆమె కూడా మాతో వస్తోంది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చింది. మొన్న మేడిపల్లిలో ఇల్లిల్లూ తిరుగుతుంటే, ఒక ఇంటి వాకిట్లో తల్లీ కూతురూ నిలబడ్డారు. పిల్ల జడ వేసుకుంటోంది, పద్దెనిమిది ఉంటాయేమో. పెద్దమ్మ మామూలుగా మొదలుపెట్టింది, అక్రమ రవాణా అనీ, జాగ్రత్త అనీ. ఆ ఇంటావిడ తల ఊపుతూ, మాకు బండ్లు లేవమ్మా అంది.

మా మనిషి పెద్దమ్మను పక్కకు జరిపి ముందుకు వెళ్ళింది.

“నా బిడ్డను అమ్ముకున్నరమ్మా. రైలెక్కిచ్చింది నేనే. ఎక్కిచ్చేటప్పుడు సంబురపడ్డ.”

ఇంటావిడ మొహం మాడిపోయింది. ఏదో అంటుకుంటుందన్నట్టు కూతురి రెక్క పట్టి లోపలికి లాగి, తలుపు వేసి గొళ్ళెం పెట్టేసింది. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను పదమ్మా అని మా మనిషి భుజం పట్టుకుంటే ఆమె కదల్లేదు. మూసిన తలుపు వైపే చూస్తూ నన్ను అడిగింది.

“లోపలున్న పిల్లకు ఇనవడ్డదా అక్కా?”